గిన్నె ఉంది, మూత లేదు

ఆ బిల్డింగులో ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవరు. మూతలమ్మాయి అంటారు. పార్సెళ్లు తెచ్చే మనిషి కూడా కింద నిలబడి "మూతలమ్మాయి గారుండేది ఏ అంతస్తండీ" అని అడుగుతాడు. మొదట్లో ఆమెకు ఒళ్లు మండేది. అంత చదువు చదివి, అన్నేళ్లు ఉద్యోగం చేసి, చివరికి మూతల పేరుతో మిగిలానా అనుకునేది. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు ఫోనులో ఎవరైనా కొత్తవాళ్లు "ఎవరండీ" అంటే తనే "నేనండీ, మూతలమ్మాయిని" అంటుంది.

అలాగని ఆ ఇంట్లో మూతలు రాశులు పోసి ఉంటాయనుకునేరు. అమ్మకానికి ఒక్కటంటే ఒక్క మూత కూడా ఉండదు. ముందుగదిలో కిటికీ పక్కన ఒక బల్ల, దాని మీద కంప్యూటరు, ముందు ఒక కుర్చీ. కుర్చీలో దిండు వేసుకుంటే తప్ప కూర్చోలేం, అంత గొప్ప కుర్చీ. ఆమె వ్యాపారమంతా అదే.

ఆ వ్యాపారం ఏమిటో బిల్డింగులో సగంమందికి ఈ రోజుకీ అర్థం కాదు. నిజానికి అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. వంటసామాను అమ్మే పెద్ద ఆన్‌లైన్ దుకాణాలు తమ దగ్గరున్న సరుకు వివరాలన్నీ ఒక ఫైలులో పెట్టి రోజూ పొద్దున్నే పంపుతాయి. దాన్ని ఫీడ్ అంటారు. వరుసకొక వస్తువు. దాని పేరు, కొలత, ధర, బొమ్మ, నొక్కితే నేరుగా దుకాణంలోకి తీసుకెళ్లే లింకు, అన్నీ ఆ వరుసలోనే ఉంటాయి. దుకాణంతో ఒప్పందం కుదుర్చుకున్నవాళ్లు ఆ ఫైలు తెచ్చుకుని తమ వెబ్‌సైటులో ఆ సరుకు చూపించుకోవచ్చు. చూసినవాళ్లు లింకు నొక్కి కొంటే, వాళ్లను పంపినందుకు ఆ సైటువాళ్లకు కొంత కమీషను. సరుకు దుకాణానిది, పార్సెలు కట్టేదీ దుకాణమే. మూతలమ్మాయి చేసేదల్లా దారి చూపించడం.

ఈ పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది చెప్పుల దగ్గర్నుంచి టీవీల దాకా దొరికిందల్లా సైటులో కుమ్మరించి, ఎవరూ రావడం లేదని తలపట్టుకుని కూర్చుంటారు. ఈమె మూతలు తప్ప ఇంకేమీ పెట్టదు. గిన్నె ఉండి మూత పోయినవాళ్లు, మూత పగిలినవాళ్లు, పిడి ఊడినవాళ్లు, వాళ్లే ఈమెకు కావలసినవాళ్లు. అలాంటివాళ్లు లోకంలో ఎంతమంది ఉంటారని నవ్వినవాళ్లలో ఆమె భర్త మొదటివాడు. అతను బస్సుల డిపోలో మెకానిక్కు. ఆ నవ్వినాయన ఇంట్లోనే మూతలేని గిన్నెలు ఎన్ని ఉన్నాయో ఆమె చూపించాక నోరు మూసుకున్నాడు.

అసలు మొదలైంది అత్తగారి గిన్నెతో.

పెళ్లయ్యాక కూడా ఆమె వంటసామాను హోల్‌సేల్ గోడౌనులో పనిచేసేది. వచ్చిన సరుకుకు కోడ్లు వేసి కంప్యూటర్లో ఎక్కించడం, కొట్ల నుంచి ఆర్డర్లు వస్తే ఏ అరలో ఏముందో చూసి పంపించడం ఆమె పని. యజమాని పోయాక కొడుకులు పంపకాలు పెట్టుకున్నారు. గోడౌను మూతపడింది. సరిగ్గా అప్పుడే వీళ్లు ఇల్లు మారారు. సామాను దింపుకునే గోలలో అత్తగారి గిన్నె మూత ఎక్కడో పడిపోయింది. అడుగు మందంగా, మూతి వెడల్పుగా ఉండే గిన్నె అది. అత్తగారికి వాళ్లమ్మ ఇచ్చింది. ఆ కొలత ఇప్పుడు ఎవరూ చేయడం లేదు.

ఆవిడ ఎక్కని కొట్టు లేదు. ఎక్కడ అడిగినా మూతలు విడిగా అమ్మం, గిన్నెతో కలిపి కొనండి అనేవాళ్లు. "గిన్నె ఉంది నాయనా, మూతే లేదు" అని ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా, కొట్టువాడు మళ్లీ ఇంకో గిన్నె తీసి బల్ల మీద పెట్టేవాడు. కోడలు కంప్యూటర్లో వెతికింది. అక్కడా అదే వరస. మూత అని కొడితే మూత ఉన్న గిన్నెలన్నీ వచ్చి పడ్డాయి. వాటి మధ్య విడి మూతలూ ఉన్నాయి గానీ, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరుకోవాలి. ఆ ఏరే పనేదో నేనే చేసి పెడితే పోలేదా అనిపించింది ఆమెకు. ఉద్యోగం లేక ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న రోజులవి.

నేర్చుకోవడానికి తల ప్రాణం తోకకొచ్చింది. మూత అన్న మాట ఉన్నవన్నీ ఉంచమని ఫీడ్‌లోంచి సరుకు ఏరే ప్రోగ్రాముకు చెబితే గిన్నెలు దిగాయి. మూతతో సహా అన్నవాటిని తీసెయ్యమంటే కెమెరా మూతలు, పెన్ను మూతలు వచ్చాయి. కొన్ని రోజులపాటు కుక్కర్ మూతల పక్కన కమోడు మూతలు కొలువుదీరాయి. అత్తగారు కళ్లజోడు సవరించుకుని ఒకదాన్ని తదేకంగా చూసి, ఇది ఏ గిన్నెదమ్మా అని అడిగారు. కోడలు నాలుక కరుచుకుని ఇంకో రూలు రాసింది. ఆ మొదటి రోజుల్లో అలాంటి రూళ్లు ఎన్ని రాసిందో, ఏది ఎందుకు రాసిందో తర్వాత ఆమెకే గుర్తులేదు.

ఒక్కో కొలతకు ఒక్కో పేజీ పెట్టింది. అన్నిటికంటే ముందు అత్తగారి గిన్నె కొలతకు పెట్టింది. ఒకరోజు ఫీడ్ వచ్చాక చూస్తే ఆ పేజీలో మూత ఉంది! కుర్చీలోంచి లేచి వంటింట్లోకి పరుగెత్తింది. ఇంట్లోవాళ్లు కొంటే కమీషను ఇవ్వరు, అది దుకాణాల కట్టుబాటు. ఇవ్వకపోతే మానె అని అత్తగారు కొడుకు ఫోనులోంచి వెంటనే ఆర్డరు పెట్టించారు.

పార్సెలు వచ్చినప్పుడు కోడలు ఇంట్లో లేదు. తిరిగొచ్చేసరికి గిన్నె పొయ్యి మీద ఉంది, మూత గిన్నె మీద ఉంది. మూత మీద మామగారు కొట్టు నడిపిన కాలంనాటి తూనికరాయి ఉంది.

"సరిపోయిందా అత్తయ్యా?"

"సరిగ్గా సరిపోయింది."

రాయి ఎందుకని అడిగితే ఆవిరి పోకుండా అన్నారు. ఆమె ఇంకేమీ అడగలేదు. ఎగిరి గంతేసినంత పని చేసి, అప్పటికప్పుడు కూర్చుని సైటు మొదటి పేజీలో పైన పెద్ద అక్షరాలతో రాసింది: మా అత్తగారి గిన్నెకు మూత దొరికింది. మీ గిన్నెకూ దొరుకుతుంది.

ఆ ఒక్క వాక్యం సైటును నిలబెట్టిందంటే అబద్ధం కాదు. జనం వచ్చారు, కొన్నారు, తమవాళ్లకు చెప్పారు. ఇంటి ఖర్చులు భర్త జీతం మీదే ఆనకుండా అయ్యాయి. గోడౌను జీతం పోయిందన్న దిగులు ఆమెకు ఎప్పుడు పోయిందో కూడా తెలియకుండా పోయింది. అత్తగారైతే ఆ సైటును నెత్తిన పెట్టుకుని ఊరేగారు. మెట్ల మీద ఎవరు ఎదురైనా మీ ఇంట్లో మూత లేని గిన్నె ఉందా అని మొదలుపెట్టేవారు. ఉందన్నవాళ్ల చేత కొనిపించేదాకా వదిలేవారు కాదు.

మూతలమ్మాయికి పొద్దున లేవగానే ఫీడ్ వచ్చిందా లేదా అన్నదే ధ్యాస. వచ్చిందంటే ఆ రోజు సైటు నిండుగా ఉంటుంది. రాలేదంటే నిన్నటి ధరలు, అయిపోయిన సరుకు. అత్తగారు వంటింటి గుమ్మంలోంచి ఆ మొహం చూసి, వచ్చిందో లేదో అడక్కుండానే కనిపెట్టేసేవారు. పొద్దున వంటంతా ఆవిడదే. కోడలు ఆ వేళకు అటు తొంగి చూసేది కూడా కాదు.

అన్నీ సజావుగా సాగుతున్న రోజుల్లో పెద్ద దుకాణం నుంచి మెయిలు వచ్చింది. సైటులో ఉన్న మూతల్లో ముప్పాతిక వంతు ఆ దుకాణానివే. మీ సైటు మీదుగా వచ్చి కొన్నవాళ్లలో చాలామంది కొలత కుదరలేదని సరుకు తిప్పి పంపుతున్నారు, వచ్చే నెలాఖరులోగా ఇది తగ్గకపోతే మీకు ఫీడ్ ఇవ్వడం ఆపేస్తాం అని అందులో ఉంది. మర్యాదగానే రాశారు. కానీ ఆ ఫీడ్ ఆగితే సైటుకు మిగిలేది పైన రాసిన వాక్యం, కింద నాలుగు పెన్ను మూతలు.

ఆమె ఆ మెయిలు రెండుసార్లు చదివింది. ఆ వెంటనే కోపం వచ్చింది. వాళ్ల ఫైలులో వాళ్లే తప్పుడు కొలతలు పెట్టి తన మీద పడతారేమిటని ఘాటుగా జవాబు టైపు చేసింది. భర్త డిపో నుంచి వచ్చి, చేతుల గ్రీజు కడుక్కుంటూ అదంతా విన్నాడు. బస్సు ఆగిపోయిందని ఎవరొచ్చినా తను ముందు డ్రైవర్ని అడుగుతాననీ, కంపెనీకి ఫోను చేయననీ అన్నాడు. కొన్నవాళ్లను అడిగి చూడమన్నాడు.

చెప్పినంత తేలిక కాదు. ఈ వ్యాపారంలో కొన్నవాళ్లెవరో దారి చూపినవాళ్లకు తెలియదు. పేరు ఉండదు, అడ్రసు ఉండదు. ఫలానా రోజు ఒక మూత అమ్ముడైంది అని ఒక గీటు కనిపిస్తుంది, అంతే. ఆమెకు మొహం తెలిసిన కొనుగోలుదారులంటే ఈ బిల్డింగువాళ్లే. జవాబు పంపకుండా ఆపి, పై అంతస్తులో పిన్నిగారింటికి వెళ్లింది. పిన్నిగారంటే చుట్టరికమేమీ లేదు, అందరూ అలాగే పిలుస్తారు.

మూత ఎలా ఉందని అడగ్గానే పిన్నిగారు బ్రహ్మాండంగా ఉందన్నారు. ఒకసారి చూస్తానంటే మాత్రం నీళ్లు నమిలారు. చివరికి వంటింట్లోకి తీసుకెళ్లి చూపించారు. గిన్నె మీద మూత చక్కగా కూర్చుంది. కూర్చుంది గానీ అది స్టీలు మూత, నల్ల పిడి. పిన్నిగారు కొన్నది గాజు మూత. ఆ పేజీ మూతలమ్మాయికి బాగా గుర్తుంది. ఆ మాటే అంది. పిన్నిగారు పొయ్యి తుడవడం మొదలుపెట్టి, ఏమోనమ్మా, నాకు చూపు సరిగా ఆనదు అన్నారు.

మెట్ల కింద చిన్న గదిలో కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మ ఉంటుంది. ఆవిడ కడుపులో మాట దాగదు. ఆవిడ గిన్నె మీద పిన్నిగారి గాజు మూత తళతళలాడుతూ కనిపించింది.

"ఇది మీ దగ్గరికి ఎలా వచ్చింది?"

టైలరమ్మ కుడుతున్న గుడ్డను మిషను మీదే వదిలేసింది. "మీ అత్తగారే ఇచ్చారు. నాకొచ్చింది గిన్నెలో పడిపోయేది. పిన్నిగారికొచ్చింది పెద్దది. ఎదురింటావిడకు ఇంకోటేదో వచ్చింది. తిప్పి పంపుదామనుకున్నాం. ఎవరూ పంపొద్దు, నా దగ్గరికి తెండి అని ఆవిడే అటూ ఇటూ మార్చి పెట్టారు. మా కోడలికి మాత్రం తెలియనివ్వకండి అని మా అందరి దగ్గరా మాట తీసుకున్నారు."

ఇంత చెప్పేశాక, నేను చెప్పినట్టు చెప్పకు అని కూడా అంది.

మూతలమ్మాయి మెట్లెక్కింది. బిల్డింగంతా తెలుసు. పార్సెళ్లు తెచ్చే మనిషికి కూడా తెలిసే ఉంటుంది. తెలియనిది తనొక్కదానికే. ఇన్నాళ్లూ తనను చూసి నవ్వినవాళ్ల నవ్వుల్లో ఏ నవ్వు ఏమిటోనని సిగ్గుతో చచ్చిపోయింది. ఇంట్లోకి రాగానే చెప్పులు విదిలించి, అత్తగారి గదిలోకి వెళ్లి, మంచం కింద చూసింది. ఎందుకు అక్కడే చూసిందంటే, ఆ ఇంట్లో ఏదైనా దాచాలంటే ఇంకో చోటు లేదు.

పాత దుప్పటిలో మూట కట్టిన మూతలు ఉన్నాయి. ఒక్కోదాని పిడికి ఒక్కో దారం ముక్క. అత్తగారు ఎవరి గిన్నె మూతినైనా దారంతో కొలిచి, ఆ ముక్క తెచ్చుకుని, కుదిరే మూత దొరికినప్పుడు దాని పిడికి కట్టి ఉంచేవారన్నమాట. ఇంకా ఎవరికీ కుదరనివి విడిగా ఉన్నాయి.

అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. బుకాయించలేదు.

"ఎన్నాళ్లనుంచి అత్తయ్యా?"

"మొదట్నుంచీ."

"నాకెందుకు చెప్పలేదు?"

"రోజూ పొద్దున ఆ డబ్బా ముందు కూర్చుని, వచ్చిందా రాలేదా అని చూసుకుంటావు చూడు, ఆ మొహం చూసి చెప్పబుద్ధయ్యేది కాదు. నేను సర్దగలిగింది నేను సర్దాను. అదేమన్నా తప్పా?"

మూతలమ్మాయి మూట వదిలేసి లేచింది. ఆవిడను దాటుకుని వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి మీద గిన్నె ఉడుకుతోంది. మూత మీద తూనికరాయి ఉంది. ఇన్నాళ్లూ ఆ రాయిని ఆమె చూడలేదని కాదు. గోడనీ గడియారాన్నీ చూసినట్టు చూసింది. గుడ్డ పట్టుకుని రాయి తీసి పక్కన పెట్టి, మూతను వేలితో అలా తాకింది. అది సర్రున జారి ఒక పక్కకు ఒరిగింది. ఆవిరి గుప్పున చేతిని తాకింది. మూత గిన్నె మూతికంటే వేలెడు పెద్దది.

"సరిగ్గా సరిపోయిందన్నారు."

"అన్నాను."

"సైటు మీద రాశాను నేను. అందరికీ కనబడేలా రాశాను."

అత్తగారు పొయ్యి తగ్గించారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "ఆ రోజు నువ్వు గుమ్మంలో చెప్పులు కూడా విప్పకుండా అడిగావు. ఉద్యోగం పోయాక నీ మొహం అలా వెలగడం అదే మొదటిసారి చూడటం. లేదని ఎలా చెప్పేది అమ్మాయ్? రాయి పెడితే బాగానే నిలబడింది. ఒక రాయే కదా అనుకున్నా."

ఆమెకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు కాబట్టి ఏడ్చింది. కళ్లు తుడుచుకుని అంది. "బిల్డింగులోవాళ్లకు మీరు మార్చి పెట్టారు. ఎక్కడెక్కడో కొన్నవాళ్లున్నారు అత్తయ్యా. వాళ్ల ఇళ్లల్లో మీరు లేరు కదా."

ఆ మాటకు అత్తగారు పొయ్యి వైపు తిరిగారు. జారిన మూతను సర్ది, అలవాటు కొద్దీ రాయి కోసం చెయ్యి చాచి, మధ్యలోనే వెనక్కి తీసుకున్నారు.

ఆ రోజంతా ఆమె కంప్యూటరు ముందే కూర్చుని తన రూళ్లు తనే ఒక్కొక్కటి చదువుకుంది. ముందుగా దుకాణం ఫైలులో ఆ గాజు మూత వరుస తీసి చూసింది. కొలత సరిగ్గానే ఉంది. వాళ్లు పెద్దది అనే రాశారు. తన సైటు మాత్రం దాన్ని చిన్న కొలత పేజీలో చూపించింది. అంటే తప్పు వాళ్ల దగ్గర లేదు. ఇంకాస్త కిందికి వెళితే దొరికింది. ఒకే ఒక్క పంక్తి, తన చేత్తో రాసిందే. ఒక కొలత సరుకు అయిపోతే దానికి దగ్గర కొలతది చూపించు, అంతే.

అప్పుడు గుర్తొచ్చింది. తొలి వారాల్లో ఏ కొలత అయిపోతే ఆ పేజీ ఖాళీ అయిపోయేది. ఖాళీ పేజీకి వచ్చినవాళ్లు మళ్లీ రారు. ఆ బాధ పడలేక రాసిన రూలు అది. పైన శీర్షిక మాత్రం పాత కొలతే. బొమ్మ చూసి తేడా కనిపెట్టడం ఎవరి తరం కాదు, మూతలన్నీ గుండ్రంగానే ఉంటాయి. శీర్షిక చూసి నమ్మి కొన్నారు పాపం. అత్తగారి కొలత పేజీలో ఆ రోజు మూత కనబడిందీ ఈ రూలు వల్లే.

అలా రాయాలని ఎందుకు తోచిందో కూడా ఆమెకు తెలుసు. అది గోడౌను బుద్ధి. అక్కడ ఏదైనా కొట్టు అడిగిన సరుకు లేకపోతే లేదని చెప్పేవాళ్లు కాదు. దాని పక్క సైజు పంపేవాళ్లు. అది మర్యాద కింద లెక్క. గ్లాసులు, గరిటెలు, పళ్లేలు ఏ సైజు పంపినా కొట్టువాడు అమ్ముకునేవాడు. లేదు అనడం చేతకానివాళ్ల మాట అని యజమాని ఆమెకు చేరిన కొత్తలోనే నేర్పాడు. ఇన్నేళ్లుగా ఆ పాఠాన్ని బుద్ధిగా అప్పజెబుతూ వచ్చింది. గ్లాసుకు పక్క సైజు ఉంటుంది గానీ మూతకు ఉండదని ఆమెకు తట్టలేదు.

భర్త వచ్చాక చూపించింది. ఆ రూలు తీసేస్తే సైటు సగం బోసిపోతుందని అతను అన్నాడు. జనం రాకపోతే, కొనుగోళ్లు లేవని కూడా ఫీడ్ ఆపేయొచ్చుగా అని అడిగాడు. ఆపేయొచ్చు అంది ఆమె. ఇటు నుయ్యి అటు గొయ్యిలా ఉంది వ్యవహారం.  చివరికి ఆమె ఆ పంక్తిని తీసేసింది. దాని స్థానంలో, సరుకు లేని ప్రతి పేజీలోనూ వచ్చేలా ఇలా రాసింది: ఈ కొలత మూత ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. దగ్గరి కొలతది కొనకండి, సరిపోదు. అడుగున, గిన్నె మూతిని దారంతో ఎలా కొలుచుకోవాలో అత్తగారి పద్ధతి కూడా రాసింది.

దుకాణానికి రాసిన ఘాటు జవాబు చెరిపేసింది. తప్పు మీ ఫైలులో లేదు, నా సైటులో ఉంది, దిద్దుకున్నాను అని రెండు ముక్కలు రాసి పంపింది. అందింది, నెలాఖరుకు చూస్తాం అని జవాబు వచ్చింది. అంతకుమించి ఒక్క అక్షరం లేదు.

ఆ తర్వాతి రోజులు ఆ ఇంట్లో మాటలు తగ్గాయి. సైటుకు వచ్చేవాళ్లూ తగ్గారు. వచ్చినవాళ్లు లేదు అన్న మాట చదువుకుని వెళ్లిపోతున్నారు. ప్రతి లేదూ ఆమెకు పన్ను పీకినట్టే ఉండేది. బిల్డింగులో తలెత్తుకుని తిరగడానికి కొన్నాళ్లు పట్టింది. తనే ఇంటింటికీ వెళ్లి తప్పు నాదని చెప్పింది. పిన్నిగారు తన చూపు సంగతి మళ్లీ ఎత్తలేదు. టైలరమ్మ మాత్రం, నేను చెప్పలేదని మీ అత్తగారికి చెప్పావు కదా అని ఆరా తీసింది. మూతలు ఒక్కొక్కటీ కుదిరిన గిన్నెలకు చేరి, మంచం కింద మూట కరిగిపోయింది. అత్తగారి వేలెడు పెద్ద మూత కూడా ఎదురింటావిడ గిన్నెకు అతికినట్టు సరిపోయి అటు వెళ్లిపోయింది. సైటు మొదటి పేజీలో ఉన్న ఆ వాక్యాన్ని మాత్రం ఆమె ముట్టుకోలేకపోయింది. రోజూ దాన్ని చూసి మొహం తిప్పుకునేది. అది తీసేస్తే తన చేత్తో తనే దుకాణం మూసినట్టు అనిపించేది.

అత్తగారు మెట్ల మీద ఎవరినీ మీ ఇంట్లో మూత లేని గిన్నె ఉందా అని అడగడం మానేశారు. కోడలికి అది అన్నిటికంటే కష్టంగా ఉంది.

దుకాణం పెట్టిన గడువు దాటి నెల మారిన రోజు పొద్దున ఆమె కుర్చీలో దిండు సర్దుకుని కూర్చుంది. వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. అత్తగారు పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి, స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నారు. ఇన్నేళ్లలో ఆవిడ ఆ వేళకు వంటిల్లు దాటి రావడం అదే మొదలు.

"ఎటునుంచి వస్తుంది ఇది?"

కోడలు ఫైలు పడే చోటు చూపించింది. ఇద్దరూ అటే చూస్తూ కూర్చున్నారు. మామూలుగా వచ్చే వేళ దాటిపోయింది. కోడలు కాళ్లు పైకి ముడుచుకుంది. అత్తగారు ఆమె భుజం మీద చెయ్యి వేశారు. అప్పుడు ఫీడ్ వచ్చింది. వెనకే మెయిలు వచ్చింది. తిప్పి పంపేవాళ్లు బాగా తగ్గారనీ, ఫీడ్ ఇక మీదట కూడా ఇస్తామనీ ఉంది.

ఆమె మెయిలును పైకి చదివి వినిపించింది. కొత్త ఫైలులో అన్నిటికంటే ముందు ఒకే ఒక్క కొలత వెతికింది. అది రోజూ చేసేదే, ఇప్పుడు పక్కన ఆవిడ ఉన్నారు కాబట్టి చెప్పింది. "మీ గిన్నెది లేదు అత్తయ్యా. ఇవాళా లేదు."

అత్తగారు తెర మీదికి వంగి, కళ్లజోడు సవరించుకుని, మొదటి పేజీ చూపించమన్నారు. పైనున్న వాక్యాన్ని కూడబలుక్కుంటూ పూర్తిగా చదివారు.

"ఇదేం చేస్తావు?"

"తీసేస్తాను."

"తీసెయ్యడం ఎందుకు? ఉన్నదున్నట్టు రాయి. మా అత్తగారి గిన్నెకు ఇంకా మూత దొరకలేదు అని రాయి."

కోడలు ఆవిడ వంక చూసింది. ఆవిడ వేళాకోళానికి అనలేదు. ఆమె పాత వాక్యం చెరిపి, అత్తగారు చెప్పింది చెప్పినట్టు టైపు చేసింది. చేసి, దాని పక్కన తన మాట ఒకటి చేర్చింది: వెతుకుతున్నాం.

అత్తగారు అదీ చదివారు. "అయితే అది దొరికేదాకా నేను ఉండాలన్నమాట."

"ఉండాలి" అంది కోడలు. 

"సరే, ఉంటాలే" అని అత్తగారు మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచారు. వంటింట్లోకి వెళ్లి మళ్లీ పొయ్యి వెలిగించి, గిన్నె మీద ఒక పళ్లెం బోర్లించారు. ఖాళీగా ఉన్న తూనికరాయిని తీసి, గాలికి కొట్టుకుంటున్న తలుపుకు అడ్డం పెట్టారు.